పాత ఇంటి మరమ్మతు: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి

"అడుక్కి ఎంతవుతుంది మేస్త్రీ గారూ?"

పాత ఇల్లు బాగుచేయించి, పైన ఒక గది వేసుకుందామనుకునేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇది. ఆయన ఒక అంకె చెబుతాడు. దాన్ని అడుగులతో హెచ్చవేసి, బ్యాంకులో ఉన్నది తీసేసి, మిగతాది అప్పు అనుకుంటారు. ఒక్క సాయంత్రంలో బడ్జెట్ తయారైపోతుంది. పని మాత్రం పైగది లింటెల్ మట్టానికి వచ్చేసరికి ఆగిపోతుంది. ఇంట్లోవాళ్ళ గాజులు గోల్డ్‌లోన్ కౌంటర్ దాకా వెళ్తాయి.

మేస్త్రీ అబద్ధమేమీ చెప్పలేదు. అడుగు రేటు అన్నది ఖాళీ స్థలంలో కొత్తగా కట్టే ఇంటికి సంబంధించిన లెక్క. అక్కడ పునాది నుంచి పిట్టగోడ దాకా ఏమేం పడతాయో ముందే తెలుసు. పాత ఇంట్లో ఖర్చును తేల్చేది విస్తీర్ణం కాదు. గోడల్లో, స్లాబులో, నేల కింద ఏముందన్నదే తేలుస్తుంది. ఒకే వీధిలో ఒకే ఏడాది కట్టిన రెండు డాబాల్లో ఒకదానికి వైరింగు, రంగులు సరిపోవచ్చు. రెండోదానికి స్లాబే తీసేయాల్సి రావచ్చు. అందుకని ఈ అధ్యాయంలో నేను పట్టుబట్టేది ఒక్కటే. ముందు ఇంటిని పరీక్ష చేయించండి, తర్వాత అంకె వేయండి, ఆ అంకెలో మొదటి వాటా కంటికి కనబడని పనులకు ఇవ్వండి.

సుత్తి, పెన్సిలు, ఒక వానాకాలం

మన దగ్గర పాత ఇల్లంటే ఒక్క రకం కాదు. కోస్తాలో గానుగ సున్నం గోడల మీద పెంకులేసిన మండువా ఇళ్ళున్నాయి. రాయలసీమలో చౌడు మట్టి పోసిన మిద్దెలున్నాయి. తెలంగాణ పల్లెల్లో రాయీ మట్టీ కలిపి కట్టిన గోడల మీద గూనపెంకుల ఇళ్ళున్నాయి. వీటి తర్వాత డెబ్బైలు, ఎనభైలు, తొంభైలలో ఊరూరా లేచిన సిమెంటు డాబాలు వచ్చాయి. మట్టి అడుసుతో కట్టిన గోడల మీద స్లాబు వేయిద్దామనుకుంటే దాన్ని మరమ్మతు అనుకోకండి. అది కొత్త ఇల్లే, ఆ లెక్కే వేసుకోండి. పెంకుటిల్లును పెంకుటిల్లుగానే ఉంచి, చెదలు తిన్న వాసాలు మార్చి, పెంకు దించి మళ్ళీ పరిపించి, వెనక పెరట్లో వంటిల్లు, బాత్‌రూములు కొత్తగా కట్టుకోవడం చాలాసార్లు చవక. వేసవిలో సుఖం కూడా. ఇక్కడ ఎక్కువగా డాబా గురించే మాట్లాడతాను, ఎందుకంటే పైన ఇంకో అంతస్తు వేద్దామన్న ఆశ డాబావాళ్ళకే ఎక్కువ.

బాత్‌రూమ్ పైకప్పుతో మొదలుపెట్టండి. అక్కడ సున్నం పొరలు పొరలుగా లేచి, గీత గీసినట్టు గోధుమరంగు చార ఒకటి తిన్నగా కనబడితే, ఆ చార పైన రాడ్డు తుప్పు పడుతోందని అర్థం. స్టూలెక్కి చిన్న సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టిగా ఉన్నచోట కాంక్రీటు ఖణేల్‌మంటుంది. లోపల పొర విడిపోయినచోట బోలుగా మోగుతుంది. బోలుగా మోగినంత మేరా సుద్దముక్కతో గీత గీయండి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఉబ్బే కింద కాంక్రీటును తోసి రాలగొడుతుంది. రంగు వేస్తే ఇది రెండేళ్ళు దాగుతుంది, ఆగదు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో ఉప్పుగాలి దీన్ని ఇంకా తొందరచేస్తుంది. విశాఖ, కాకినాడ ఇళ్ళవాళ్ళకు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత గోడల బీటలు చూడండి. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకవాసి బీటలకు కంగారు పడక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకుతూ, ఒక చివర వెడల్పవుతున్న బీట మాత్రం పునాది కదలికను చెబుతుంది. నల్లరేగడి నేలల్లో ఇది మామూలే, ఆ మట్టి తడికి ఉబ్బి ఎండకు కుంగుతుంది. బీట రెండు కొసల దగ్గర పెన్సిలుతో అడ్డంగా గీత గీసి, పక్కనే తారీఖు రాయండి. నడుమ ఒక సన్నటి గాజుముక్కను సిమెంటుతో అటూ ఇటూ అతికించండి. ఒక వానాకాలం, ఒక వేసవి గడవనివ్వండి. బీట గీత దాటకపోతే, గాజు పగలకపోతే ఆ కదలిక ఎప్పటిదో, ఇప్పుడు ఆగింది. గాజు పగిలితే పైన గది సంగతి ఆపి, ముందు పునాది సంగతి చూడాలి. ఈ పరీక్షకు పది రూపాయలు కూడా కావు, ఓపికే కావాలి. పిల్ల పెళ్ళి లోపల ఇల్లు తయారవ్వాలని మూడు నెలల ముందు మొదలుపెట్టేవాళ్ళకు దొరకనిది అదొక్కటే.

వైరింగు, పైపుల విషయంలో నా తీర్పు చిన్నది. ముప్ఫై ఏళ్ళు దాటిన ఇంట్లో రెండూ పూర్తిగా మార్చాల్సినవేనని లెక్క వేసుకోండి. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బుల కాలంలో వేసిన తీగల మీద ఇవాళ ఏసీ, గీజరు, ఇండక్షన్ పొయ్యి నడుస్తున్నాయి. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. గోడలో వేసిన పాత జీఐ పైపులు లోపల తుప్పుతో సన్నబడి ఉంటాయి. టైల్స్ వేసిన తర్వాత అవి కారితే టైల్స్‌తో సహా పగలగొట్టాలి.

ఇంతా చూసుకున్నాక ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి, ఫీజు ఇచ్చి, రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి. స్లాబు గట్టిదనాన్ని రీబౌండ్ హ్యామర్‌తో పరీక్షిస్తారు, ఒకటి రెండు చోట్ల పునాది పక్కన గొయ్యి తీయించి లోతూ వెడల్పూ చూస్తారు. "అంత చదువు చదివినాయనకు ఊరికే డబ్బులెందుకు, మన మేస్త్రీకి తెలీదా" అనే పెద్దాయన ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మేస్త్రీకి చాలా తెలుసు. కానీ పని ఉందని చెబితేనే ఆయనకు పని దొరుకుతుంది. ఈ ఇంటిమీద ఇక ఏమీ కట్టొద్దని చెప్పినా ఫీజు ముట్టే మనిషి ఒకరు మీకు కావాలి.

ఇంజనీరు చెప్పిన ఒంటి మరమ్మతుల ఖర్చు, అంటే స్లాబు, పునాది, గోడల గట్టిదనానికయ్యేది మాత్రమే, అదే విస్తీర్ణంలో కొత్త ఇల్లు కట్టే ఖర్చులో సగం దాటుతోందంటే నేనైతే మరమ్మతు మానుకోమంటాను.

పైన ఎంత బరువు పెడుతున్నారు

మన డాబాల మీద పిల్లర్ల రాడ్లు మూరెడు పొడవున ఆకాశంలోకి నిలబడి ఉంటాయి. వాటిమీద కాకులు వాలతాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి బట్టలారేసే తీగ ఉంటుంది. "నాన్నగారు పై అంతస్తు కోసం అప్పుడే ఏర్పాటు చేశారు" అని వాటిని చూపించి చెబుతారు. ఆ ఏర్పాటు నిజమో కాదో కింద తవ్వి చూస్తేగానీ తెలియదు. చాలా డాబాల్లో బరువు మోసేవి తొమ్మిదంగుళాల గోడలే, మూలల్లో పిల్లర్లు పేరుకు ఉంటాయి. నిజంగా పిల్లర్లే మోస్తున్నా, ఇరవై ముప్ఫై ఏళ్ళు వానకు తడిసిన రాడ్లు సన్నబడి ఉంటాయి. వాటికి కొత్త రాడ్లు చుట్టి పని కానిచ్చేయడం దొంగపని. తుప్పు గీకి, మిగిలిన మందం కొలిచి, చాలకపోతే పిల్లరు కాంక్రీటు గట్టిగా ఉన్నంత కిందికి కొట్టి అక్కడి నుంచి అతకాలి. దీనికయ్యే ఖర్చు అడుగు రేటులో ఉండదు.

బరువు సంగతి ఒక్కసారి లెక్కేద్దాం. కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు రెండున్నర టన్నులు తూగుతుంది. అయిదంగుళాల స్లాబు వంద చదరపు అడుగులు వేస్తే దాదాపు 3 టన్నులు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు కడితే 4 టన్నుల పైమాట. పైన 350 అడుగుల గది ఒకటి వేస్తే స్లాబుకు 10 టన్నులు, చుట్టూ 75 అడుగుల గోడకు 30 టన్నులు. కిటికీల ఖాళీలు తీసేసినా, ఫ్లోరింగు, ప్లాస్టరింగు, వాటర్ ట్యాంకు, సామాను కలిపితే 40 టన్నుల దగ్గర తేలుతుంది. కింది గోడలకు ఇంత బరువు ఇప్పటిదాకా తెలియదు. తేలిక దిమ్మెలు, అదే ఏఏసీ బ్లాకులు వాడితే గోడల బరువు సగానికి పైగా తగ్గుతుంది. ఇటుకకంటే దిమ్మె ఖరీదెక్కువని వెనక్కి తగ్గేవాళ్ళు కింద పునాదిని బలపరచడానికి అయ్యే ఖర్చుతో పోల్చి చూడాలి.

స్థలం ఉంటే పైకి కాకుండా పక్కకు పెంచుకోవడం చవక, భద్రం. అక్కడా ఒక మెలిక ఉంది. పాత పునాది కుంగాల్సినంత ఎప్పుడో కుంగి కుదురుకుంది, కొత్తది ఇంకా కుంగాలి. రెండు గోడల్నీ ఇటుక పళ్ళు కలిపి కట్టేస్తే, పాత చీరకు కొత్త గుడ్డ అతుకేసినట్టు, కుట్టు పక్కనే చిరుగుతుంది. నడుమ సన్నటి సందు వదిలి, సాగే గుణమున్న సీలెంట్‌తో మూయించండి. మేస్త్రీ ఒప్పుకోడు, అలా వదిలితే పని బాగా రాలేదంటారని ఆయన భయం. వదలమని మీరే చెప్పాలి.

ఇల్లు ఎవరిది?

ఇది డబ్బు లెక్క కాదనిపిస్తుంది. అసలు లెక్క ఇదే. ఉమ్మడి ఇంటికి ఒకరు ఖర్చు పెట్టి ఇంకొకరు అనుభవించి, పదేళ్ళ తర్వాత కోర్టుకెక్కిన కుటుంబాలు ఏ ఊళ్ళో అడిగినా చెబుతారు.

హిందూ కుటుంబాల్లో ఇంటి యజమాని వీలునామా రాయకుండా పోతే, అది ఆయన స్వార్జితమైనా సరే, భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటా వస్తుంది. ఆయన తల్లి బతికుంటే ఆమెకూ వస్తుంది. 1956 నాటి వారసత్వ చట్టం చెప్పేదదే. పిత్రార్జితంలో ఆడపిల్లకు కొడుకుతో సమాన హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఉంది, కాకపోతే అప్పటికి పెళ్ళి కానివాళ్ళకే ఇచ్చారు. 2005 సవరణతో ఆ షరతు పోయి దేశమంతటా హక్కు వచ్చింది. "అక్క అడగదులే" అన్నది హక్కు పత్రం కాదు. అక్క అడగకపోవచ్చు, బ్యాంకు అడుగుతుంది. వాటాదారులందరి సంతకాలూ లేకుండా ఇంటిమీద అప్పు పుట్టదు.

అందుకని పార పట్టుకునే ముందు కూర్చుని తేల్చుకోండి. ఇల్లు ఒకరు ఉంచుకుని మిగతావాళ్ళకు డబ్బు ఇస్తారా, కింద ఒకరికి పైన ఒకరికి పంచుకుంటారా, అమ్మ ఉన్నన్నాళ్ళూ ఉమ్మడేనా? ఏది తేలినా పంపకం దస్తావేజుగానో, హక్కు విడుదల పత్రంగానో రిజిస్టరు చేయించండి. కుటుంబసభ్యుల మధ్య వీటికి స్టాంపు డ్యూటీ అమ్మకం దస్తావేజుకంటే తక్కువే. మొత్తం బడ్జెట్‌లో ఇదొక చిన్న ముక్క. దీన్ని దాటవేసి లక్షలు పోసేవాళ్ళు తమ సొమ్ముతో అందరి ఇల్లూ బాగుచేస్తున్నారు. అది తెలిసి, ఇష్టపడి చేస్తే మంచిదే. తెలియకుండా చేయకండి.

అనుమతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పై అంతస్తుకు కొత్తగా ప్లాన్ అనుమతి కావాలి. "నాన్నగారు తీసుకున్నారు" అన్నది కింది ఇంటికే చెల్లుతుంది. తెలంగాణలో 2020 నాటి బీపాస్ చట్టం ప్రకారం పట్టణాల్లో 75 గజాల లోపు స్థలంలో ఒక పై అంతస్తు దాకా అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల దాకా, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ మునిసిపాలిటీలకు లైసెన్సున్న ఇంజనీరు ద్వారా ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టాలి. పల్లెల్లో అయితే పంచాయతీ. "అనుమతి లేనివాటిని జరిమానాతో క్రమబద్ధం చేసే బీపీఎస్ ఎప్పుడో వస్తుందిలే, అప్పుడు కట్టేద్దాం" అనేది మన రెండు రాష్ట్రాల్లో బాగా పాతుకుపోయిన ఆలోచన. అనుమతి లేని అంతస్తు మీద బ్యాంకు రూపాయి కూడా ఇవ్వదని గుర్తుపెట్టుకుంటే ఆ ఆలోచన ఖరీదెంతో తెలుస్తుంది.

ఇరవై లక్షలు ఉన్నాయనుకుందాం

ఒక ఉదాహరణ తీసుకుందాం. అయిదు సెంట్ల స్థలంలో 900 అడుగుల డాబా, కట్టి ముప్ఫై అయిదేళ్ళు. పైన బాత్‌రూముతో సహా 350 అడుగుల గది కావాలి. చేతిలో 12 లక్షలు, అప్పు 8 లక్షలు. ఇంజనీరు చూసి, స్లాబుకు అక్కడక్కడా వైద్యం చేస్తే పైగది మోస్తుందన్నాడు.

నేనైతే ఇలా విడదీస్తాను. ముందుగా 4 లక్షలు పక్కన పెట్టేస్తాను, లేవనుకుంటాను. కొత్త ఇంటికి పది శాతం అదనం చాలు, పాతదానికి ఇరవై ఉండాలి. మిగిలిన 16లో లక్షన్నర ఇంజనీరు ఫీజు, అనుమతి, కాగితాలు, అద్దె ఇల్లు, రెండుసార్లు సామాను మోయింపు. ఈ అద్దె సంగతి దాదాపు అందరూ మర్చిపోతారు. దుమ్ములో, సెంట్రింగ్ చెక్కల మధ్య ఇంట్లోనే సర్దుకుందామనుకుంటారు. ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దవాళ్ళుంటే అలా అనుకోకండి. అయిదున్నర లక్షలు స్లాబు వైద్యం, పైన వాటర్‌ప్రూఫింగ్, వైరింగు, పైపులు, సెప్టిక్ ట్యాంకు. 7 లక్షలు పైగది, అంటే అడుక్కి 2,000 వేసుకున్నాను. మీ ఊరి రేటు మీరు వేసుకోండి. చివరికి మిగిలేది 2 లక్షలు. టైల్స్, వంటగది అరలు, రంగులు అన్నీ అందులోనే.

ఈ చివరి అంకె చూసి మొహాలు చిన్నబోతాయి. మామూలుగా జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. మాడ్యులర్ కిచెన్ షోరూముకు వెళ్ళి అడ్వాన్సు ఇచ్చి వస్తారు, హాల్లోకి గ్రానైటు చూస్తారు, మిగిలినదాంట్లో స్లాబు సంగతి "తర్వాత చూద్దాం" అవుతుంది. వంటగది అరలు రెండేళ్ళ తర్వాత చేయించుకున్నా ఒక్క ఇటుక కదపక్కర్లేదు. గోడలోని పైపు రెండేళ్ళ తర్వాత మార్చాలంటే అరలన్నీ ఊడదీయాలి. ఏది ముందో తేల్చుకోవడానికి ఇంతకు మించిన సూత్రం నాకు తెలియదు.

పాత సామానులో డబ్బుంది. టేకు ద్వారబంధాలు, దూలాలు, కిటికీ ఊచలు, కడప బండలు కూల్చేవాడికి ఊరికే వదిలేయకండి. గానుగ సున్నంతో కట్టిన ఇటుకలు గీకితే శుభ్రంగా వస్తాయి, మళ్ళీ పనికొస్తాయి. సిమెంటుతో కట్టినవి సగం పగిలిపోతాయి. కూల్చే గుత్త మాట్లాడేటప్పుడు సామాను ఎవరిదో, మట్టి ఎన్ని ట్రాక్టర్లైనా ఎవరు తోలించాలో ముందే అనుకోండి.

ఇక అప్పు. 8 లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి పదేళ్ళలో తీర్చేలా తీసుకుంటే నెలకు సుమారు రూ.10,130, మొత్తం వడ్డీ 4.16 లక్షలు. ఇరవై ఏళ్ళకు తీసుకుంటే నెలకు రూ.7,200, వడ్డీ 9.27 లక్షలు. నెలకు మూడు వేల లోపు వెసులుబాటుకు అయిదు లక్షలు అదనంగా కడుతున్నారు. జీతం సరిపోనివాళ్ళు ఇరవై ఏళ్ళకే తీసుకుని, చేతిలో డబ్బు పడ్డప్పుడల్లా అసలులో కట్టొచ్చు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణాన్ని ముందుగా తీర్చినందుకు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఇప్పటికే గృహరుణం నడుస్తుంటే టాప్‌అప్ అడగండి, పర్సనల్ లోన్‌కంటే వడ్డీ బాగా తక్కువ. పన్ను మినహాయింపు మీద పెద్ద ఆశలు వద్దు. మీరుంటున్న ఇంటి మరమ్మతుకు తీసుకున్న అప్పు వడ్డీ మీద పాత పన్ను విధానంలో ఏడాదికి రూ.30,000 దాకానే తగ్గింపు ఉండేది, కొత్త విధానంలో అదీ లేదు.

మేస్త్రీతో మాట

తగాదాలు రేటు దగ్గర రావు, కొలత దగ్గర వస్తాయి. అడుగు రేటుకు ఒప్పుకున్నాక, స్లాబు కొలతలో సన్‌షేడ్ పూర్తిగా కలుస్తుందా, సగమా? మెట్లు అడుగుల్లోనా, విడిగానా? పిట్టగోడ, ట్యాంకు దిమ్మె, మెట్ల గది, సంపు ఎవరి లెక్క? ప్లాస్టరింగ్ రెండువైపులానా? ఒక్కో ఊళ్ళో ఒక్కో వాడుక ఉంటుంది, ఏదీ తప్పు కాదు. ముందే తెల్లకాగితం మీద రాసుకోకపోవడమే తప్పు. ఆ కాగితం మీద టేపుతో కొలిచే రోజు ఎవరెవరు ఉండాలో కూడా రాయండి.

పాత ఇంటి పనులన్నిటికీ ఒకే రకం ఒప్పందం కుదరదు. కూల్చడం గుత్తకు ఇవ్వండి. కొత్త గది అడుగు లెక్కకు ఇవ్వండి. స్లాబు వైద్యం లాంటివాటికి, సుద్దతో గీసిన మేర కొలిచి, చదరపు అడుక్కి ఇంత అని మాట్లాడండి. రోజుకూలీ మీద మరమ్మతు పని పెడితే అది సాగుతూనే ఉంటుంది. ఎలాంటి నిజాయతీపరుడైనా, రేపు కూడా పని ఉంటే బాగుండునని అనుకుంటాడు కదా.

సరుకు మీరే తెస్తే రెండు అంకెలు జేబులో ఉంచుకోండి. ఎం20 కాంక్రీటుకు ఘనపు మీటరుకు దాదాపు 8 బస్తాల సిమెంటు పడుతుంది. మన 350 అడుగుల స్లాబుకు, బీములు కాకుండా, 33 బస్తాల దాకా పడతాయి. యాభై అడిగితే ఎందుకో అడగండి, ఇరవైతో కానిచ్చేస్తే ఇంకా గట్టిగా అడగండి. పన్నెండు మీటర్ల పొడవు ఎనిమిది ఎం.ఎం. రాడ్డు సుమారు 4.7 కిలోలు, పన్నెండు ఎం.ఎం. రాడ్డు 10.6 కిలోలు ఉండాలి. కొట్టువాడు ఊచల లెక్కన అమ్మినా కాటా వేయించండి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత అంచనా కాగితం చేతిలో ఉంటే దాన్ని పట్టుకుని కూర్చోకుండా కొత్తగా రేట్లు తెప్పించుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఇసుక ఉచితమే అయినా ఎత్తుడు కూలీ, లారీ బాడుగ మీవే. ఊరు రీచ్‌కు ఎంత దూరమైతే అంత.

నీళ్ళు కొట్టడం దగ్గర పొదుపు చేయకండి. ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంటుతో వేసిన కాంక్రీటును పది రోజులకు తగ్గకుండా, మన ఎండల్లో రెండు వారాలు, తడి ఆరనివ్వకూడదు. ఈ పని సాధారణంగా ఎవరికీ అప్పగించరు. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు కొడతారులే అనుకుంటారు, మధ్యాహ్నం స్లాబు ఎండి తెల్లగా అవుతుంది. ఒక మనిషికి రోజుకింత అని ఇచ్చి పెట్టండి. లక్షల స్లాబుకు అది చిల్లర.

వాస్తు మీద మీకు నమ్మకముంటే సిద్ధాంతిని ప్లాన్ గీసేటప్పుడే పిలవండి. గోడలు లేచాక పిలిస్తే ఆయన చెప్పే ఒక్కో మాటకూ కూల్చుడు కూలీ, కట్టుడు కూలీ రెండూ పడతాయి. ముహూర్తాల సంగతీ ముందే చూసుకోండి. మూఢం, శూన్యమాసం పేరుతో నెల ఆగితే అద్దె ఇంటికి ఇంకో నెల అద్దె. సంక్రాంతికి కూలీలు ఊళ్ళకు వెళ్తే పది రోజులకు రారు, నాట్లప్పుడు అసలే దొరకరు. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం, అప్పుడు పాత స్లాబు తెరిచి పెట్టుకోకండి. ద్వారబంధం నిలబెట్టే రోజు వడ్రంగికి, స్లాబు రోజు అందరికీ భోజనాలు, బట్టలు ఇవ్వడం మన పద్ధతి. బడ్జెట్‌లో దానికొక వరుస ఉంచండి, ఇచ్చేదేదో చిరాకు లేకుండా ఇవ్వొచ్చు. గృహప్రవేశం విందు మాత్రం ఈ లెక్కలోంచి వద్దు, దాని డబ్బు దానిదే.

అన్నిటికంటే ఖరీదైన మాట ఒకటుంది: "ఎలాగూ పగలగొట్టాం కదా, ఇదీ మార్చేద్దాం." తెనాలిలో అమ్మానాన్నలు, డాలస్‌లో కొడుకు, హైదరాబాద్‌లో కూతురు ఉన్న ఇళ్ళలో ఈ మాట రాత్రి వాట్సాప్ కాల్‌లో పుడుతుంది, తెల్లారేసరికి మేస్త్రీ చేతిలో ఉంటుంది. నలుగురూ సలహా ఇవ్వొచ్చు, మేస్త్రీకి చెప్పేది మాత్రం ఒక్కరే అయి ఉండాలి. కొత్త కోరిక ఏది వచ్చినా ఖర్చుల పుస్తకం చివరి పేజీలో రాసి, ఆదివారం దాకా ఆపండి. ఆదివారం దానికయ్యే డబ్బు ఏ వరుసలోంచి తీస్తారో రాయగలిగితేనే చేయించండి. పక్కన పెట్టిన 4 లక్షలు కోరికలకు కాదు, గోడ పగలగొట్టాక బయటపడే అనుకోని పనులకు.

డబ్బు పని దశలను బట్టి ఇవ్వండి, పనికంటే ముందు పరుగెత్తనివ్వకండి. ఇచ్చిన ప్రతిసారీ పుస్తకంలో సంతకం చేయించుకోండి. మొత్తంలో అయిదు శాతం చివరికంటా ఆపుకుంటానని మేస్త్రీకి మొదటిరోజే చెప్పి, ఒప్పంద కాగితంలో రాయండి. అప్పుడది ఆయనకు అవమానం కాదు, షరతు. పని ముగిశాక గట్టి వాన ఒకటి పడనివ్వండి. బాత్‌రూమ్ పైకప్పు, పాత గోడ కొత్త గోడ కలిసేచోటు, పైగది మూలలు చేత్తో తడిమి చూడండి. పొడిగా ఉంటే అదేరోజు ఆ అయిదు శాతం ఆయన చేతిలో పెట్టండి, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి.